నొప్పి లేదు కాబట్టి జబ్బు లేనట్టేనా?
గుండె రోగుల్లో నిశ్శబ్ద ఇస్కీమియా – ముందున్న కాలం ఎలా ఉంటుంది?

– నర్సింగ్ సూపరింటెండెంట్



మన ఓ.పి.కి వచ్చే గుండె రోగులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇప్పుడు నాకు నొప్పేమీ లేదు కదా సిస్టరు గారూ, ఈ మాత్రలు ఇంకా ఎందుకు?" వారి వెంట వచ్చిన భార్యో, కొడుకో బయటికి వచ్చాక గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తారు. "నొప్పి తెలియకుండానే గుండెకు రక్తం తగ్గుతోందని డాక్టరు గారు చెప్పారు. ఇక ముందు ఎలా ఉంటుందండీ?"

ఈ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు చెప్పుకుందాం. గుండె కండరానికి ఎంత రక్తం అందుతోంది, గుండె ఎంత బలంగా పనిచేస్తోంది, మనం ప్రతిరోజూ ఎలాంటి జాగ్రత్తలు పాటిస్తున్నాం అనే మూడు విషయాలను బట్టి గుండె రోగి భవిష్యత్తు ఉంటుంది. నొప్పి ఉందా లేదా అన్నది వీటి తర్వాతి మాట. ఈ సంగతి సరిగ్గా తెలిస్తే నిర్లక్ష్యమూ ఉండదు, అనవసరమైన భయమూ ఉండదు.

ఇస్కీమియా అంటే ఏమిటి?

గుండె మన పిడికిలంత ఉండే కండరం. ఒళ్లంతటికీ రక్తం పంపే ఆ కండరానికి కూడా రక్తం కావాలి. ఆ రక్తాన్ని తెచ్చేవి గుండె మీద అల్లుకొని ఉండే కరోనరీ ధమనులు. వీటి లోపలి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది.

కాలువలో పూడిక పడితే ఏమవుతుందో మన రైతు సోదరులకు తెలుసు. నీటి అవసరం తక్కువగా ఉన్న రోజుల్లో శివారు పొలానికి కూడా ఎలాగో తడి అందుతుంది. నాట్ల సమయంలో అందరికీ ఒకేసారి నీళ్లు కావలసివస్తే మాత్రం శివారు పొలం ఎండుతుంది. గుండె విషయమూ అంతే. కూర్చున్నప్పుడు సరిపోయిన రక్తం మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు, కోపం వచ్చినప్పుడు సరిపోదు. ఇలా కండరానికి కావలసినంత రక్తం అందని స్థితినే ఇస్కీమియా అంటారు.

రక్తం తగ్గగానే నొప్పి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నొప్పి చివరగా వచ్చే లక్షణం. రక్తం తగ్గినప్పుడు మొదట గుండె కండరం సరిగ్గా సడలదు. తర్వాత ఆ భాగం ముడుచుకోవడంలో బలహీనపడుతుంది. ఆ తర్వాత ఇ.సి.జి.లో మార్పు కనిపిస్తుంది. అప్పటికీ రక్తం అందకపోతేనే ఛాతీలో నొప్పి, బరువు, పట్టేసినట్టు ఉండడం మొదలవుతాయి. కొందరిలో ఈ చివరి మెట్టు రానేరాదు. దానినే నిశ్శబ్ద ఇస్కీమియా, అంటే సైలెంట్ ఇస్కీమియా అంటాం.

నొప్పి ఎందుకు తెలియదు?

మొదటి కారణం షుగర్ వ్యాధి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గడం మనం చూస్తూనే ఉంటాం. చెప్పు జారిపోయినా తెలియదు, మేకు గుచ్చుకున్నా తెలియదు. గుండె నుండి కబురు మోసే నరాలు కూడా అలాగే దెబ్బతినవచ్చు. రెండవది వయసు. పెద్దవారిలో నొప్పికి బదులు ఆయాసం, నీరసం ఎక్కువగా కనిపిస్తాయి. మూడవది, ఇంతకు ముందు వచ్చిన గుండెపోటు వల్ల ఆ భాగంలోని నరాలు దెబ్బతిని ఉండడం. నాలుగవది, మనిషికీ మనిషికీ నొప్పి తెలిసే తీరులో ఉండే తేడా. రక్తం కొద్దిసేపే తగ్గి మళ్లీ అందినా నొప్పి దాకా రాకపోవచ్చు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. కొందరికి నొప్పి రాకపోవడానికి కారణం వారు పనులు మానుకోవడమే. డాబా మీద బట్టలు ఆరవేయడానికి రోజూ వెళ్లే అమ్మ ఈ మధ్య వెళ్లడం లేదు. సంతకు నడిచి వెళ్లే తాతగారు ఆటో ఎక్కుతున్నారు. అడిగితే "వయసైపోయింది కదమ్మా" అంటారు. అది వయసు కావచ్చు, గుండె కూడా కావచ్చు. ఇలాంటి మార్పును డాక్టరు గారికి చెప్పవలసినది ఇంటివారే.

ఇది ఎవరిలో ఉంటుంది?

అమెరికా డాక్టరు పీటర్ కోన్ ఈ రోగులను మూడు రకాలుగా విభజించారు. ఎప్పుడూ ఏ లక్షణమూ లేకుండా పరీక్షలో మాత్రమే ఇస్కీమియా బయటపడేవారు మొదటి రకం. ఒకసారి గుండెపోటు వచ్చి, తర్వాత నొప్పి లేకపోయినా ఇస్కీమియా ఉన్నవారు రెండవ రకం. అప్పుడప్పుడు ఛాతీనొప్పి వస్తూ, మధ్యమధ్యలో నొప్పి లేకుండా కూడా రక్తం తగ్గేవారు మూడవ రకం.

ఈ మూడవ రకం వారే ఎక్కువ. ఛాతీనొప్పి ఉన్న రోగులకు 24 గంటల పాటు ఇ.సి.జి. రాసే హోల్టర్ యంత్రాన్ని కట్టి చూసినప్పుడు, రక్తం తగ్గిన సందర్భాల్లో మూడు వంతులకు దగ్గరగా రోగికి ఏమీ తెలియకుండానే జరిగిపోయినట్టు తేలింది. అంటే నొప్పి వచ్చిన సార్లు లెక్కపెట్టుకుంటే జబ్బులో కొంత భాగమే లెక్కకు వస్తుంది. ఇలాంటివి తెల్లవారి లేచినప్పటి నుండి మధ్యాహ్నం లోపు ఎక్కువగా జరుగుతాయి. నడకలోనే కాదు, మాటామాటా పెరిగి ఆవేశపడినప్పుడు కూడా జరుగుతాయి.

గుండెపోటు కూడా నిశ్శబ్దంగా రావచ్చు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి ప్రజలను వైద్యులు 1948 నుండి పరీక్షిస్తూ వచ్చారు. అక్కడ వచ్చిన గుండెపోట్లలో నాలుగింట ఒకటికి పైగా ఆ సమయంలో ఎవరూ గుర్తించలేదనీ, తర్వాత తీసిన ఇ.సి.జి.లోనే బయటపడ్డాయనీ 1984లో ప్రకటించారు. వాటిలో దాదాపు సగం మందికి ఏ బాధా తెలియలేదు. ఇలా గుర్తించని గుండెపోటు వచ్చినవారి తర్వాతి జీవితంలో ప్రమాదం, నొప్పితో ఆసుపత్రికి వచ్చినవారికి ఉన్న ప్రమాదం కంటే తక్కువేమీ కాదని కూడా తేలింది.

ముందున్న కాలం గురించి పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో, కెనడాలో 1990లలో 558 మంది రోగులపై ఒక పరిశోధన జరిగింది. వీరందరికీ గుండె ధమనుల్లో అడ్డంకులున్నాయి, హోల్టర్‌లో నిశ్శబ్ద ఇస్కీమియా కనిపించింది. ఒక వర్గానికి నొప్పి తగ్గేవరకే మందులిచ్చారు. రెండవ వర్గానికి హోల్టర్‌లో ఇస్కీమియా కూడా తగ్గేలా మందులు పెంచారు. మూడవ వర్గానికి బెలూన్ చికిత్స గానీ బైపాస్ ఆపరేషన్ గానీ చేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే మొదటి వర్గంలో 6.6 శాతం, రెండవ వర్గంలో 4.4 శాతం, మూడవ వర్గంలో 1.1 శాతం మంది చనిపోయారు. ఈ ఫలితాలు 1997లో వచ్చాయి. అది చిన్న పరిశోధనే. అయినా నొప్పి పోయేంతవరకే వైద్యం చేస్తే చాలదని వైద్యులను ఆలోచింపజేసింది.

స్విట్జర్లాండ్‌లో గుండెపోటు నుండి కోలుకొని, నొప్పి లేకుండా ఇస్కీమియా మాత్రం ఉన్న 201 మందిని సగటున పదేళ్లకు పైగా గమనించారు. బెలూన్ చికిత్స పొందినవారిలో గుండె మరణాలు, మళ్లీ గుండెపోట్లు తక్కువగా ఉన్నట్టు 2007లో ప్రకటించారు. అయితే ఆ రోగులు 1990లలో చేరినవారు. స్టాటిన్ వంటి మందులు ఇప్పుడు వాడినంతగా ఆ రోజుల్లో వాడలేదు.

మందులు మెరుగుపడ్డాక పరిస్థితి మారింది. మన దేశంతో సహా 37 దేశాల్లో 5,179 మంది రోగులపై జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. వీరందరికీ పరీక్షల్లో ఒక మోస్తరు నుండి తీవ్రమైన ఇస్కీమియా ఉంది. మూడింట ఒక వంతు మందికి చేరే ముందు నెలలో నొప్పే లేదు. సగం మందికి మంచి మందులతో పాటు వెంటనే యాంజియోగ్రామ్ చేసి, అవసరాన్ని బట్టి స్టెంటు గానీ బైపాస్ గానీ చేశారు. మిగతా సగం మందికి మందులతోనే వైద్యం మొదలుపెట్టి, మందులు చాలనివారికే ఆ చికిత్సలు చేశారు. మరణాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తర్వాత కూడా వారిని గమనిస్తూ వచ్చి 2022లో వేసిన లెక్క ప్రకారం, ఏడేళ్లకు మొత్తం మరణాలు ఒక వర్గంలో 12.7 శాతం, మరో వర్గంలో 13.4 శాతం. అంటే ఏ దారిలో వెళ్లినా నూటికి సుమారు 87 మంది ఏడేళ్ల తర్వాత జీవించి ఉన్నారు. చేరినప్పుడు వీరి వయసు మధ్యస్థంగా 64 ఏళ్లు అని గుర్తుంచుకోండి. "ఇక ముందు ఎలా ఉంటుంది?" అని అడిగే కుటుంబాలకు నేను చెప్పే లెక్క ఇదే.

దీనిలో ఒక షరతు ఉంది. వారందరూ క్రమంగా మందులు వాడుతూ, పరీక్షలకు వస్తూ ఉన్నవారు. ఎడమవైపు ప్రధాన ధమని మొదట్లోనే బాగా ఇరుకైనవారిని, గుండె చాలా బలహీనపడినవారిని ఆ పరిశోధనలో చేర్చుకోలేదు. అలాంటివారికి ఆపరేషన్ లేదా స్టెంటు గురించి డాక్టరు గారు చెప్పినప్పుడు "నొప్పి లేదు కదా, తర్వాత చూద్దాం" అని వాయిదా వేయరాదు.

షుగర్ రోగులకు కూడా ఒక ధైర్యం చెప్పే కబురు ఉంది. గుండె లక్షణాలేవీ లేని షుగర్ రోగులు 1,123 మందిని తీసుకొని, సగం మందికి స్కానింగ్ చేశారు. స్కానింగ్ చేయించుకున్నవారిలో అయిదుగురిలో ఒకరికి పైగా నిశ్శబ్ద ఇస్కీమియా కనిపించింది. మూడేళ్ల తర్వాత మళ్లీ స్కానింగ్ చేయించుకున్నవారిలో, మొదట ఇస్కీమియా ఉన్న 71 మందికి గాను 56 మందిలో అది కనిపించలేదు. ఆ మూడేళ్లలో ఆస్పిరిన్, స్టాటిన్, బి.పి. మందుల వాడకం పెరిగింది. దాదాపు అయిదేళ్లు గమనించాక 2009లో ఇచ్చిన నివేదిక ప్రకారం మొత్తం మీద నూటికి ముగ్గురికే గుండెపోటు గానీ గుండె మరణం గానీ సంభవించింది. స్కానింగ్ చేయించుకున్నవారికీ చేయించుకోనివారికీ తేడా రాలేదు.

కాబట్టి ఏ బాధా లేని ప్రతి షుగర్ రోగీ అప్పుచేసి ఖరీదైన గుండె పరీక్షలు చేయించుకోనవసరం లేదు. ఆ డబ్బు నెలనెలా మందులకు, షుగర్ పరీక్షలకు ఖర్చుపెడితే ఎక్కువ మేలు.

మీ భవిష్యత్తును నిర్ణయించేవి ఏవి?

1. రక్తం అందని భాగం ఎంత? గుండెలో చిన్న భాగానికి తగ్గితే ప్రమాదం తక్కువ, పెద్ద భాగానికి తగ్గితే ఎక్కువ.

2. గుండె పంపింగ్ ఎంత? ఎకో రిపోర్టులో ఇ.ఎఫ్. అని రాసి ఉంటుంది. సాధారణంగా 55, ఆ పైన ఉంటే మంచిది. 40 కంటే తగ్గితే గుండె బలహీనపడినట్టు.

3. ఏ ధమనిలో, ఎన్ని ధమనుల్లో అడ్డంకి ఉంది?

4. ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నడవగలుగుతున్నారు? ఎక్కువసేపు నడవగలిగిన రోగుల భవిష్యత్తు మెరుగ్గా ఉంటుంది.

5. షుగర్, బి.పి., కిడ్నీ జబ్బు, పొగాకు అలవాటు ఉన్నాయా? ఉంటే అదుపులో ఉన్నాయా?

6. మందులు క్రమంగా వేసుకుంటున్నారా?

మొదటి మూడూ మన చేతిలో పూర్తిగా లేవు. నాలుగవది కొంత, చివరి రెండూ చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి.

ఏ మందు ఏం చేస్తుంది?

ఆస్పిరిన్ ఇరుకు దారిలో రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. స్టాటిన్ మాత్ర చెడు కొవ్వును తగ్గించి, ధమని గోడలోని కొవ్వు పొర పగలకుండా కాపాడుతుంది. బీటా బ్లాకర్ మాత్ర గుండె వేగాన్ని తగ్గించి దాని పని భారాన్ని దించుతుంది. అటెనోలాల్ అనే బీటా బ్లాకర్ నిశ్శబ్ద ఇస్కీమియాను తగ్గిస్తుందని 1994లో వచ్చిన పరిశోధనలో రుజువైంది. బి.పి. మాత్రల్లో కొన్ని గుండె కండరాన్ని కూడా కాపాడతాయి.

ఈ మందులు నొప్పి మాత్రల వంటివి కావు. తలనొప్పి తగ్గాక ఆ మాత్ర మానేస్తాం. వీటిని అలా మానరాదు. ముఖ్యంగా బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపితే గుండె వేగం పెరిగి గుండెపోటు రావచ్చు. స్టెంటు వేయించుకున్నవారు క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను పన్ను తీయించుకోవడానికి కూడా సొంతంగా ఆపకూడదు, ముందు గుండె డాక్టరు గారిని అడగాలి. ఉపవాస ప్రార్థన రోజుల్లో షుగర్, గుండె మాత్రలు ఎలా వేసుకోవాలో ముందుగానే అడిగి తెలుసుకోండి. ఆ రోజు మాత్రలన్నీ మానేయడం మంచిది కాదు.

మీరు చేరుకోవలసిన అంకెలు

• బి.పి. – వీలైనంత వరకు 130/80 లోపు.

• చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్.డి.ఎల్. – గుండె జబ్బు ఉన్నవారికి 70 లోపు. ఇప్పుడు చాలామంది గుండె వైద్యులు 55 లోపు ఉండాలంటున్నారు.

• మూడు నెలల షుగర్ సగటు – సుమారు 7. పెద్ద వయసువారికి డాక్టరు గారు చెప్పినంత.

• ఉప్పు – రోజుకు ఒక టీస్పూను, అంటే 5 గ్రాముల లోపు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపల్లో ఉండే ఉప్పు కూడా ఈ లెక్కలోదే.

• పొగాకు – సున్నా. బీడీ, సిగరెట్టు, చుట్ట, అడ్డపొగ, ఖైనీ, గుట్కా ఏదైనా సరే.

• నడక – డాక్టరు గారు అనుమతిస్తే రోజుకు 30 నిమిషాలు, వారానికి అయిదు రోజులు. లేచీ లేవగానే బరువు పనులు పెట్టుకోవద్దు.

నొప్పి చెప్పకపోతే ఎవరు చెబుతారు?

నొప్పి తెలియని రోగి తన ఆయాసాన్ని గమనించుకోవాలి. మా రోగులకు నేను చెప్పే సులువైన పద్ధతి ఒకటుంది. వారానికి ఒకరోజు, ఒకే సమయంలో, ఒకే దారిలో నడవండి. ఇంటి నుండి చర్చి వరకు కావచ్చు, బస్టాండు వరకు కావచ్చు. ఎంతసేపు పట్టింది, దారిలో ఎన్నిసార్లు ఆగవలసి వచ్చింది అన్నది చిన్న నోటు పుస్తకంలో రాయండి. చదువు రానివారికి మనవలు రాసిపెట్టవచ్చు. పోయిన నెలలో ఆగకుండా నడిచిన దూరం ఈ నెలలో రెండుసార్లు ఆగి నడిచారంటే, తర్వాతి ఓ.పి. తేదీ దాకా ఎదురుచూడకుండా రండి. ఈ పుస్తకం డాక్టరు గారి పరీక్షకు సహాయం చేస్తుంది గానీ దాని బదులు సరిపోదు.

ఈ కింది లక్షణాలు కనిపిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

• ఎప్పుడూ లేని ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం

• పని చేయకుండానే చల్లని చెమటలు పట్టడం

• కారణం లేకుండా వికారం, వాంతులు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం

• దవడ, మెడ, వీపు, ఎడమ చెయ్యి లాగడం లేదా బరువెక్కడం

• మందులు వేసుకుంటున్నా షుగర్ హఠాత్తుగా బాగా పెరిగి, దానితో పాటు విపరీతమైన నీరసం

వీటిని "గ్యాస్" అనుకొని సోడా తాగి పడుకోవడం మన ఇళ్లలో మామూలే. షుగర్ ఉన్నవారు, ఇంతకుముందు గుండెపోటు వచ్చినవారు ఆ అలవాటు మానాలి. 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించకండి, మోటారు సైకిలు మీద తీసుకురావద్దు. ఒక్క ఇ.సి.జి. మామూలుగా వచ్చినా సరే, డాక్టరు గారు ఉండమంటే ఉండండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. జబ్బు ఉన్నవారిలో కూడా మామూలుగా ఉండవచ్చు.

ఇంటివారికి ఒక మాట

నొప్పి లేని రోగికి జబ్బు ఉందని గుర్తుచేయడం కష్టమైన పని. "నాకేం, రాయిలా ఉన్నాను" అంటారు. వారితో వాదించి భయపెట్టవద్దు. మాత్రల డబ్బాను కాఫీ గ్లాసు పక్కన పెట్టండి. నెలాఖరుకు మాత్రలు అయిపోకముందే తెచ్చిపెట్టండి. ఖర్చు కష్టంగా ఉంటే సిగ్గుపడకుండా మాతో చెప్పండి, అదే మందు తక్కువ ధరలో దొరికే దారి తరచూ ఉంటుంది. స్టెంటు, బైపాస్ వంటి చికిత్సలు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవలో, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి.

ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు మీరు వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. డాక్టరు గారిని మూడు ప్రశ్నలు అడగండి. నా గుండె పంపింగ్ ఎంత? నా చెడు కొలెస్ట్రాల్ ఎంత? ఈ మాత్రల్లో ఏది ఎన్నాళ్లు వాడాలి? జవాబులు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ మూడు జవాబులు తెలుసుకొని, వాటి ప్రకారం నడుచుకునే రోగి నొప్పి లేని గుండెజబ్బుతో కూడా చాలా ఏళ్లు తన పనులు తాను చేసుకుంటూ జీవించవచ్చు.